వాసన వచ్చేదాకా కోయకూడదు

ఉదయం ఆరున్నరకు డాబా మీది కర్బూజ కోడలి చేతిలోకి ఊడి వచ్చింది. ఆరేసిన దుప్పటి తీయడానికి ఆమె పైకి వెళ్లింది. దుప్పటి కొస తీగకు చుట్టుకుంది. కాయకు దెబ్బ తగలకుండా ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి లాగింది. దుప్పటి వచ్చింది. కాయా వచ్చింది.

ఆ కాయను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. మామగారు టైలరు. పాత పెయింటు డబ్బాలో విత్తనం నాటి, నిలిచిన ఒక్క కాయకు చొక్కా గుడ్డతో ఉయ్యాల కుట్టారు. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గాక అత్తగారికి వాసన తెలియడం మానేసింది. పొయ్యి మీద పాలు మాడినా పక్క గదివాళ్లు వచ్చి చెప్పాల్సిందే. కర్బూజ పండితే వాసన కొడుతుందని విత్తనాలమ్మినాయన అన్నాడు. ఆ మాట పట్టుకుని మామగారు షరతు పెట్టారు: ఆమెకు వాసన తగిలిన రోజే కోత. రోజూ కాఫీ తాగాక ఆమెను పైకి తీసుకెళ్లేవారు. "తెలుస్తోందా?" "ఇంకా లేదండీ." ఇద్దరూ దిగి వచ్చేవారు.

కోడలికి జలుబు. కాయ పండిందో లేదో ఆమె ముక్కు చెప్పలేదు. పచ్చిదే అనుకుంది. తువ్వాలులో చుట్టి, అత్తగారి బీరువాలో రగ్గుల కింద దోపి, భర్తను లేపింది.

"మీ నాన్న కాయ పీకేశాను."

"దేంతో?"

"చేత్తో. కావాలని కాదు. ఆయన మొహం ఎలా చూడను?"

"కాయ మీద పేరేమన్నా రాసుందా? అలాంటిదే ఇంకోటి తెస్తాలే."

అతను బజారుకు వెళ్లాడు. ఎక్కువ రోజులు నిలవుండేది కావాలన్నాడు. కొట్టువాడు రాయిలాంటిది వెతికిచ్చాడు. దాన్ని ఉయ్యాలలో పెట్టి, తండ్రి మిషను డ్రాయరులోని ఆకుపచ్చ దారంతో తీగకు కట్టాడు.

కాఫీ అయ్యాక మామగారు, అత్తగారు పైకి వెళ్లారు. ఆమె వంగి చూసి, లేదంది. అలవాటుగా ఆయనా వంగారు. లేచారు. మళ్లీ వంగారు. కిందికొచ్చి సబ్బు వాసన చూశారు. కొబ్బరినూనె సీసా మూత తీసి చూశారు. కుర్చీలో కూలబడ్డారు.

"నా ముక్కు కూడా పోయిందే."

"సబ్బు తెలుస్తోందా?" అంది అత్తగారు.

"తెలిసినట్టే ఉంది. వాసనో, గుర్తో తెలీట్లేదు."

"మొదట్లో నాకూ అంతే. అయినా పండని కాయకి వాసనెలా వస్తుందండీ?"

"నిన్న వచ్చింది."

"నిన్న వచ్చిందా? మరి చెప్పలేదేం?"

ఆయన చెప్పుల కోసం మంచం కింద వెతకసాగారు. కొడుకు కోడలి వైపు చూశాడు. కోడలు గోడ వైపు చూసింది.

"నాన్నా, డాక్టరెందుకు? రేపటికి సర్దుకుంటుంది."

"మీ అమ్మ విషయంలోనూ ఇదే అన్నావు. పద."

ఆయన మంచి చొక్కా తీయడానికి అత్తగారు బీరువా తెరిచింది. చొక్కా తీయలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏమండీ. ఒకసారిలా రండి."

"దొరకలేదా?"

"రగ్గుల్లోంచి పండు వాసనొస్తోంది."

కోడలు వెళ్లి తువ్వాలు విప్పి, పండును మామగారి చేతిలో పెట్టింది. "నేనే పీకేశాను మామయ్యా. పైనున్నది బజారుది."

ఆయన తొడిమ ఉన్నచోట వేలితో తడిమారు. గుండ్రంగా, నున్నగా ఉంది. చీరుకుపోలేదు.

"పీకితే ఇలా ఉండదమ్మా. పండింది కాబట్టి అదే వదిలింది. నాలుగు రోజులుగా వాసన కొడుతూనే ఉంది."

"నాలుగు రోజులా?" అంది అత్తగారు. "నేను లేదంటే దిగొచ్చేశారు. కోసేస్తే పోయేదిగా. కుళ్లిపోతే?"

"నీకు తెలియాలి కదా."

ఆమె ఆయన చేతిలోంచి పండు తీసుకుని మళ్లీ వాసన చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. తర్వాత కత్తి తెమ్మని కోడలికి చెప్పింది.

మర్నాడు కాఫీ తాగి ఇద్దరూ అలవాటుగా పైకి వెళ్లారు. దారం కట్టిన బజారు కాయను ఒకరి తర్వాత ఒకరు వంగి వాసన చూశారు. ఇద్దరికీ ఏమీ తెలియలేదు.