టార్పాలిన్ యోగ్యతా పత్రం

మానవజాతి గొడుగును కనిపెట్టి అక్కడితో ఆగిపోయింది. ఆ గొడుగు శుభ్రంగా ఉందో లేదో విచారించే ఆఫీసును కనిపెట్టిన ఘనత మాత్రం ఒరిస్సాలోని రాయగడకు దక్కింది.

2004 వానలకు ముందు అక్కడ ‘సరుకు ఆచ్ఛాదన పరిశుభ్రతా విభాగం’ వెలిసింది. హాస్టళ్లకు బియ్యం తోలే ప్రతి పికప్ వ్యానుకూ, వెనక కప్పే టార్పాలిన్ శుభ్రంగా ఉన్నట్టు యోగ్యతా పత్రం తప్పనిసరి అయింది. (వ్యానుకు బ్రేకులు ఉన్నదీ లేనిదీ వేరే విభాగం చూస్తుంది. ఆ విభాగం ఇంకా ఏర్పడలేదు.)

గోవిందరాజులు పన్నెండేళ్లుగా కాశీపూర్ బాలికల హాస్టలుకు బియ్యం తోలుతున్నాడు. ఒక్క బస్తా కూడా తడవనివ్వలేదని ఆయనకు లోలోపల గర్వం. టార్పాలిన్ మోసుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు పాణిగ్రాహి బాబు దాన్ని వేలితో రాసి, ఆ వేలిని వెలుతురుకు పట్టి చూశారు.

“మట్టి ఉంది.”

“ఆజ్ఞా బాబూ, రోడ్డు మీద తిరిగే టార్పాలు గదా! మట్టి ఉండదేటి?”

“రోడ్డు మా పరిధిలోది కాదు.”

ఇంటికొచ్చి భార్యా భర్తా కుంకుడురసం పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, రెండు రోజులు నీడన ఆరేశారు. కుట్లకు మైనం పట్టించారు. తాడు దూర్చే ఇత్తడి రింగులకు ఆముదం రాశారు.

“నా పెళ్లి కోకకి కూడా ఇంత సేవ సెయ్యనేదు నాను,” అంది కామేశ్వరమ్మ నడుం పట్టుకుని.

ఈసారి ఇద్దరూ కలిసి ఆఫీసుకు మోసుకెళ్లారు. పాణిగ్రాహి బాబు మళ్లీ వేలు రాశారు. వేలికి ఏమీ అంటలేదు. ఆయన మొహం మరింత గంభీరమైంది.

“ఇది రోజూ వాడేది కాదు. పరీక్ష కోసం తెచ్చిన కొత్తది.”

కామేశ్వరమ్మ ముందుకొచ్చి మూల మడత విప్పి చూపించింది. “ఈ అతుకు సూడండి బాబూ, నా పాత రవికదే. కొత్తదానికి అతుకెవులేస్తారు?”

అతుకును ‘ప్రాచీనతకు ఆధారం’గా నమోదు చేసి పత్రం ఇచ్చారు. ఏడో షరతు: మట్టి చుక్క పడిన క్షణాన పత్రం చెల్లదు. పత్రం చెల్లకపోతే కాశీపూర్ గేటు దగ్గర లోడు వెనక్కి, ఆ మీదట కాంట్రాక్టు రద్దు.

ఆ వారం ఇరవై బస్తాలతో ఘాటీ రోడ్డు ఎక్కుతుండగా వాన దంచింది. ఎదురొచ్చే ప్రతి లారీ ఎర్రబురద చిమ్ముతోంది. గోవిందరాజులు వ్యాను ఆపి కాసేపు స్టీరింగు మీద తల ఆన్చాడు. తరువాత దిగి టార్పాలిన్ విప్పి, మడిచి, పక్క సీటులో పెట్టాడు. బస్తాల మీద ఖాళీ సిమెంటు సంచులు కప్పాడు. పన్నెండేళ్లలో మొదటిసారి వెనక్కి తిరిగి చూడకుండా బండి నడిపాడు.

గేటులో పాణిగ్రాహి బాబే ఉన్నారు. సీటులో పొడిగా కూర్చున్న టార్పాలిన్‌ను చూసి ముద్ర వేశారు. ఫారంలో పద్నాలుగు గడులు ఉన్నాయి. బియ్యానికి గడి లేదు.

హాస్టల్లో వంటమనిషి పైడితల్లి బస్తాలో చెయ్యి పెట్టి తీసింది.

“ఏటి బాబూ ఇది? నువ్వేనా తెచ్చింది?”

ఆ మాట గోవిందరాజులుకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అప్పటికి వాన వెలిసి ఎండ కాస్తోంది. “ఆరబోస్తే మిగుల్తాయమ్మా. పరవడానికి ఏటైనా ఉందా?”

“నేల తప్ప ఏటీ నేదు.”

ఆయన వ్యాను దాకా వెళ్లాడు. సీటులోని టార్పాలిన్‌ను ఒక్కసారి నిమిరాడు. తెచ్చి, బురద వాకిట్లోనే పరిచి, ఇరవై బస్తాలూ దాని మీద కుమ్మరించాడు. సాయంత్రానికి బియ్యం చాలావరకు దక్కాయి.

తొమ్మిదో రోజున రిజిస్టరు పోస్టులో ఉత్తర్వు వచ్చింది. యోగ్యతా పత్రం రద్దు. కారణం: సదరు టార్పాలిన్‌ను సరుకు కాపాడుటకు వినియోగించినట్లు విచారణలో రుజువైనది.