తొంభైమూడో నంబరు మొహమాటం

ఆ శనివారానికి ఎమిట్ హోవ్లాండ్ వేసుకున్న ప్రణాళికలో నాలుగే పనులున్నాయి. పొద్దున్నే బరువు చూపించుకోవడం, రెండు ఉడికించిన గుడ్లు తినడం, మధ్యాహ్నం దాకా హాస్టలు గదిలో పడుకోవడం, నాలుగింటికి మైదానంలో అయిదు బంతులు తన్నడం. మొదటి మూడూ సవ్యంగా జరిగితే నాలుగోది దానంతటదే జరుగుతుందని అతని నమ్మకం.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నేవాడు జట్టుకు ఒక్కడే చాలు. ఈ ఎంపిక శిబిరంలో ఇద్దరున్నారు. రెండోవాడు రైకర్, ఇరవై రెండేళ్ళవాడు, వాడి కాలు ఫిరంగి. ఎమిట్‌కు ముప్ఫై ఒకటి. ఇప్పటికి నాలుగు జట్లు అతన్ని సాదరంగా ఇంటికి పంపాయి. ఈసారీ పంపితే ఊళ్ళో బడిలో వ్యాయామం మాస్టారి ఉద్యోగం సిద్ధంగా ఉంది. హెడ్మాస్టరు సోమవారం దాకా ఆగుతానన్నాడు. బడి బస్సు కూడా ఆ మాస్టారే నడపాలి.

ఎమిట్‌ది మిన్నెసోటాలో ఒక పల్లెటూరు. అక్కడ ఎవరైనా కాఫీ ఇస్తామంటే రెండుసార్లు వద్దని, మూడోసారి "మీరు అంతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. ఎదుటివాళ్ళు పొరపడ్డారని మొహం మీద చెప్పడం మాత్రం ఎన్నోసారికీ లేదు.

శిబిరంలో తొంభైమంది ఉంటారు. అందరికీ నంబర్లు చాలవు గనక, ఒకే వైపు ఆడని ఇద్దరికి ఒకే నంబరు ఇవ్వడం మామూలే. ఎమిట్‌ది తొంభైమూడు. ముందురోజు సాయంత్రం యూటా నుంచి మోసెసె అనే టోంగా దీవుల కుర్రాడు దిగాడు. ఎదుటి జట్టును ఆపే అడ్డుగోడ వరుసలో నడుమ నిలబడేవాడు. చొక్కాలు, శిరస్త్రాణాలు చూసుకునే ముసలి లోనీ అతని కొలత చూసి, ఆ కొలతకు మిగిలిన ఒకే ఒక్క చొక్కా ఇచ్చాడు. దాని మీద కూడా తొంభైమూడే.

ఆరింటికి మోసెసె తూకం యంత్రం మీద తొంభైమూడు నొక్కి ఎక్కాడు. మూడువందల ముప్ఫై ఎనిమిది పౌండ్లు. ఆరున్నరకు ఎమిట్ తొంభైమూడు నొక్కి ఎక్కాడు. నూట అరవై ఎనిమిది. యంత్రం కీచుమని అరిచింది.

తిండీ నీళ్ళూ చూసే కొరిన్ ఆ వారమే ఉద్యోగంలో చేరింది. తెర చూసి చేతిలో పెన్ను వదిలేసింది.

"కదలకండి! అరగంటలో నూట డెబ్భై పౌండ్లు తగ్గిపోయారు మీరు!"

"అబ్బే... నేను పదో తరగతి నుంచీ ఇంతేనండీ."

"ఒంట్లో నీళ్ళు పోయినవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఇప్పుడు కొంచెం తిరుగుతున్నాయి," అన్నాడు ఎమిట్. అది నిజమే. యంత్రం తప్పని చెబితే, కొత్త ఉద్యోగంలో ఆవిడ చిన్నబుచ్చుకోదూ?

కొరిన్ లెక్క వేసింది. తగ్గిన బరువుకు సరిపడా అంటే రెండు వందల పైచిలుకు సీసాల ఉప్పునీళ్ళు తాగాలి. "ముందు గంటకు రెండుతో మొదలుపెడదాం," అంది దయగా. ఎమిట్ రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి తాగాడు.

తర్వాత ఆవిడ తొంభైమూడు దినచర్య తీసి చూసింది. తొమ్మిదింటికి రెండో హాలులో అడ్డుగోడ వరుస సమావేశం అని ఉంది. పడిపోతాడేమోనని చెయ్యి పట్టుకుని తనే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. హాలంతా చీకటి, తెర మీద పాత ఆటల వీడియో. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, ఒక్కొక్కరూ ఒక్కో బీరువా. బయటికి పోవాలంటే మూడు జతల మోకాళ్ళను లేపాలి. అంతమందిని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఎమిట్ కూర్చుండిపోయాడు.

పక్కనున్న మోసెసె గుసగుసగా అడిగాడు. "అన్నా, నువ్వు కూడా మా వరుసేనా?"

"కాదు... ఊరికే."

"బాగా తినన్నా," అని మోసెసె జేబులోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టాడు.

ముందు నిలబడి కోచ్ డఫీ గర్జిస్తున్నాడు. "సాయంత్రం తన్నేవాళ్ళిద్దరి బంతులూ మనం అడ్డుకోవాలి. కుర్రాడి బంతి ఎత్తుకు లేస్తుంది, కష్టం. ఈ ముసలాడున్నాడే, ఎమిట్, వీడు సులువు. చూడండి! ఎడమ పాదం బంతి దాటి ముందుకు వేస్తాడు. అందుకే బంతి లేవదు. కుడిపక్క నుంచి చేతులెత్తితే చాలు, అరచేతికొచ్చి తగులుతుంది. నాలుగు జట్లలో ఎవడూ వీడికి చెప్పినట్టు లేదు, పాపం!"

బీరువాలు నవ్వాయి. మర్యాదకు ఎమిట్ కూడా నవ్వాడు. కానీ తెర మీద ఎడమ పాదం వైపే చూస్తూండిపోయాడు. నాలుగు జట్లలో నిజంగానే ఎవరూ చెప్పలేదు. వాళ్ళకీ మొహమాటమే కాబోలు.

సమావేశం అయ్యేసరికి గుడ్లు అయిపోయాయి. పడుకుందామని వెళ్తే గంటగంటకూ కొరిన్ తలుపు తట్టింది. ఆఖరి రెండు సీసాలూ నాలుగింటికి పది నిమిషాలుందనగా మైదానం అంచున తాగించింది. మరుగుదొడ్డి మైదానం అవతలి కొసన ఉంది. అప్పుడే పెద్ద కోచ్ ఈల ఊదాడు.

గడ్డి గట్టు మీద ఊరి జనం రెండువేలమంది చేరారు. మొదట రైకర్ తన్నాడు. నాలుగు దూరాయి. అయిదోది యాభైమూడు గజాల నుంచి. ఎప్పటిలాగే ఎత్తుకు లేచింది కానీ, మోసెసె అంతకన్నా ఎత్తుకు లేచాడు. అరచేతికి తగిలి బంతి పక్కకు పోయింది.

ఎమిట్ మామూలుగా ప్రతి తన్నుకూ ముందు బూటు రెండుసార్లు తుడుస్తాడు, ఆకాశం చూస్తాడు, మూడుసార్లు ఊపిరి పీలుస్తాడు, ఆ తర్వాత భయపడతాడు. ఇవాళ దేనికీ వ్యవధి లేదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, చెమటలు కక్కుతూ, "కానివ్వండి, కానివ్వండి" అన్నాడు. ఎడమ పాదం మాత్రం బంతి దాటకుండా వెనక్కి వేశాడు. మొదటిది దూరింది. రెండు, మూడు, నాలుగు కూడా చకచకా దూరాయి.

"ముసలాడికి ఇవాళ ఏం పట్టింది?" అన్నాడు డఫీ.

అయిదోది యాభైమూడు గజాలు. కుడిపక్కన బీరువాలన్నీ ఒక్కసారిగా చేతులెత్తాయి. ఎడమ పాదం బంతి పక్కనే పడింది. బంతి ఆ చేతులన్నిటికీ పైగా, మోసెసె వేళ్ళకు రెండు జానల పైగా లేచి, స్తంభాల నట్టనడుమ నుంచి దూరి, అవతల పార్కింగులో ఎవరిదో కారు మీద దడేలుమంది.

గట్టు మీద జనం లేచి అరిచారు. ఎమిట్ అది వినలేదు. బంతి ఇంకా గాలిలో ఉండగానే పరుగు లంకించుకున్నాడు.

"చూడండ్రా, పదేళ్ళ ఆనందం ఒక్కసారిగా బయటికొచ్చింది!" అన్నాడు పెద్ద కోచ్. జట్టంతా వెంటపడింది. అందరికన్నా ముందు మోసెసె అందుకుని, ఎమిట్‌ను బియ్యం బస్తాలా ఎత్తి పొట్ట ఆనేలా భుజం మీద వేసుకున్నాడు. మిగిలినవాళ్ళు చుట్టూ గంతులు మొదలుపెట్టారు.

"మోసెసె, నీకు వీలైతే కాస్త దించుతావా? తొందరేం లేదు," అన్నాడు ఎమిట్.

"ఏంటన్నా? వినపడటం లేదు!" అంటూ మోసెసె ఇంకో చుట్టు తిరిగాడు.

ముప్ఫై ఒక్కేళ్ళలో ఎన్నడూ రాని కేక ఎమిట్ నోట్లోంచి వచ్చింది. "దించరా నన్ను! అడ్డు లేవండి! ఒక్కొక్కడూ పక్కకు జరగండి!"

మూడువందల పౌండ్ల మనుషులు చీలి దారి ఇచ్చారు. "ఇంత గొంతు ఎక్కడ దాచాడు వీడు? ఇలాంటి మగాడే కావాలి మనకు," అన్నాడు పెద్ద కోచ్. ఆ మగాడు లోపలికి పోయి మరుగుదొడ్డి తలుపు దబాలున వేసుకున్నాడు.

సాయంత్రం జట్టులోకి తీసుకున్నవాళ్ళ బోర్డు మీద ఎమిట్ పేరుంది. ఎమిట్ మూడుసార్లు చదువుకున్నాడు. ముందు భార్యకు, తర్వాత హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, బస్సుకు వేరే మనిషిని చూసుకోమని, ఆయన్ను నొప్పించకుండా, పావుగంట సేపు చెప్పాడు. మోసెసె పేరూ ఉంది. రైకర్‌ను ఆ రాత్రికే ఇంకో జట్టు పిలిచింది. కొరిన్ యంత్రం దగ్గర ఇద్దరినీ పక్కపక్కన చూసి మొహం కప్పుకుంది.

ఆటలు మొదలైతే ఒక నంబరు ఒకడికే అన్నాడు లోనీ.

"నువ్వే ఉంచుకో అన్నా, ముందు నుంచీ నీది."

"అబ్బే, నీ వీపుకైతే అంకెలు నిండుగా కనిపిస్తాయి. నువ్వే తీసుకో."

"పెద్దవాడివి, నువ్వుండగా నేనా?"

"కొత్తగా వచ్చావు, నిన్ను మార్పించడం ఏం బావుంటుంది?"

లోనీ కుర్చీ లాక్కుని కూర్చుని అరగంట విన్నాడు.

ఆ ఏడాది ఎమిట్ ఆరో నంబరుతోనూ, మోసెసె తొంభై ఎనిమిదితోనూ ఆడారు. తొంభైమూడు మాత్రం లోనీ బీరువాలో మడత నలగకుండా ఉంది.