ఎర్రగుడ్డ మర్యాద

తొమ్మిదింటికి టాక్సీ వస్తుంది. ఈలోగా ఫోను నిండా ఛార్జింగు పెట్టాలన్నది పోలిరాజు పథకం. వైజాగులో కూతురు కాసులమ్మ కొత్తింటికి మారింది. విమానం దిగి ఫోను చేస్తే ఆటోవాడికి దారి తానే చెబుతానంది. అసలే మొదటి విమాన ప్రయాణం. ఆ ఫోను కాస్తా చచ్చిందంటే ముసలి దంపతులు ఊరంతా తిరగాల్సిందే.

కానీ ముప్పయ్యేళ్లు బెంగాల్లో ఓడరేవు డాకులో క్రేను నడిపిన చెయ్యి ఊరుకుంటుందా? ఊరెళ్లే రోజు కనక లేస్తూనే ఇంటి కరెంటు మెయిన్ దించాడు. ఆ తరవాత ఎంతో శ్రద్ధగా ఫోనును ప్లగ్గుకు తగిలించాడు. టాక్సీ వాట్‌గంజ్ దాటాక ఫోను కీచుమంది. చూస్తే ఒక్క గీత మిగిలింది.

"ఏటయ్యా, రెండు గంటలు పెట్టినావు గదా?" అంది భార్య నారాయణమ్మ.

"మెయిన్ దించీసినాన్లే, నువ్వూరుకోయే. ఇమానమెక్కీలోగా నింపి తీరతాను."

విమానాశ్రయం హాలులో ఒక స్తంభానికి ప్లగ్గు దొరికింది. ఫోను కింద పెట్టి, తీగకు తన ఎర్ర గావంచా కట్టాడు. డాకులో అదే పద్ధతి. స్విచ్చికి ఎర్రగుడ్డ ఉంటే, కట్టినవాడు తప్ప మేనేజరు కూడా ముట్టడు.

"ఎవుడైనా అట్టుకుపోతే?" అంది నారాయణమ్మ.

"ఎర్రగుడ్డ ఉన్నాదే! రా, టీ తాగుదుం."

తిరిగొచ్చేసరికి స్తంభం చుట్టూ తాడు కట్టి, జవాన్లు జనాన్ని దూరంగా తోస్తున్నారు. ఎవరిదో తెలియని తీగ, గుడ్డ చూసి బాంబేమోనని వాళ్ల భయం. పోలిరాజు గుండె మాత్రం గర్వంతో ఉప్పొంగింది.

"సూసినావా? మన గుడ్డకి ఎంత మరియాదో!"

గంట గడిచింది. కుక్క వచ్చి వాసన చూసి పోయింది. అద్దాల అవతల టీవీ కెమెరాలు మూగాయి. విమానాలు ఆగాయి. చివరికి తలకు ఇనపతొడుగున్న మనిషి మెల్లగా ప్లగ్గు వైపు చెయ్యి చాపాడు. పోలిరాజు ప్రాణం విలవిల్లాడింది. డాకులో నేర్చిన హిందీలో గొంతు చించుకుని అరిచాడు.

"దాదా! ముట్టుకోకు! ఇంకా నిండలేదు!"

హాలు హాలంతా నేలమీద బోర్లా పడుకుంది.

ఇద్దరు పోలీసులు అతన్ని రెక్కలు పట్టుకుని గదిలోకి లాక్కెళ్లారు. మెయిన్ దించి ఫోను ఛార్జింగు పెట్టే మనిషి బాంబేం పెడతాడని నారాయణమ్మ వచ్చీరాని బెంగాలీలో మొత్తుకుంది. అధికారికి ఆ మాటతో సగం నమ్మకం కుదిరింది. మిగతా సగానికి ఫోనును గదిలోని ప్లగ్గుకే పెట్టించి అరగంట కాపలా కాశాడు. అది పేలలేదు, నిండింది. నాలుగు తిట్లు తిట్టి, ఇంకా కదలని విమానం ఎక్కించారు.

వైజాగులో బయటికొచ్చి ఫోను తీయబోతే, ఎదురుగా కాసులమ్మ నిలబడి ఏడుస్తోంది.

"నిన్ను పోలీసులు లాక్కెల్తంటే టీవీలో సూసినాను నాన్నా! అసలొస్తావో రావోనని మద్దేన్నం నుంచి ఇక్కడే ఉన్నాను!"

పోలిరాజు ఫోను తెరిచి చూశాడు. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఫోను చెయ్యడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.