ప్రాసెసర్‌కు కట్టిన వేపమండ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, ఫ్యాను చప్పుడులో నా మాట వినబడదు. మద్రాసు పేరు చెన్నై అయిన రెండు మూడేళ్లకు వాషర్‌మెన్‌పేట్‌లో జరిగిన సంగతి.

గిరి అనే అతను టి. నగర్‌లో బావమరిది కొట్లో చీరలు మడతపెట్టే పని మానుకుని, ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టి శుభలేఖలు అచ్చు వేయడం మొదలుపెట్టాడు. మొదటి ఆర్డరు మాధవరంలో ఉండే పరంధామయ్యగారి అమ్మాయి పెళ్లిది. అది చేజారిందంటే మళ్లీ చీరల మడతలే, మళ్లీ బావమరిది మాటలే. సాయంత్రం పరంధామయ్య నమూనా చూడటానికి వస్తానన్నాడు. మధ్యాహ్నానికి పని ముగించి ఒక కునుకు తీయాలని గిరి అనుకున్నాడు.

కంప్యూటర్ మిషన్ వేయగానే తెర మీద, లెక్కలన్నీ చేసే లోపలి ప్రాసెసర్ వేడి డెబ్బై తొమ్మిది డిగ్రీలని కనబడింది. తయారుచేసినవాళ్లు ఇచ్చిన పుస్తకం తిరగేస్తే, డెబ్బై దాటకూడదని ఉంది. కిటికీలు మూశాడు. గుమ్మానికి తడి గోనెలు కట్టాడు. గాలి చల్లగా వస్తుందని అతని భార్య కోకిల ఆ గోనెల్లో వేపమండలు దోపింది. వంటిల్లు గోడ అవతలే గనుక, ఆ వేడి తగలకుండా పోపు పెట్టవద్దన్నాడు. ఆ పూటకు మజ్జిగన్నమే.

పక్కింటి పంకజం వచ్చి తలుపులెందుకు మూశారని అడిగింది.

"లోపల వేడక్కా. తగ్గేదే లేదు. ఎవుర్నీ రానీయొద్దన్నాడు ఈయన."

పంకజం వేపమండ చూసింది, పోపు వాసన రాని వంటింటివైపు చూసింది, చెంపలు వేసుకుని వెళ్లిపోయింది. ఇంక ఒకరు చెప్పాలా? గిరి ఇంట్లో అమ్మవారు పోసిందని సాయంత్రానికి వీధంతా తెలిసింది. పరంధామయ్యకు వీధి మొదట్లోనే తెలిసింది. ఆయన దూరం నుంచే ఒక దండం పెట్టి, అటునుంచి అటే బస్సెక్కాడు.

ఇదేమీ తెలియని గిరి చీకటిపడేదాకా ఎదురుచూసి, మిషన్ ఆపి పడుకున్నాడు. తెల్లవారి వేయగానే మళ్లీ డెబ్బై తొమ్మిదే. కోకిల మిషన్ పెట్టె మూత తీసి, లోపల వేలు పెట్టి చూసింది.

"కుండలో నీళ్ల మాదిరి చల్లగా ఉందయ్యా."

గిరి వీధి చివర బూత్‌కు పరుగెత్తి, మిషన్ అమ్మిన ఆనందన్‌కు ఫోను చేశాడు. ఆ అంకె సరిగ్గా ఉండదట. కొలిచేది ప్రాసెసర్ లోపల లేదట, కింద బోర్డు మీద ఎక్కడో ఉందట. ఒక్కో బోర్డు ఒక్కో మాట చెబుతుందట. పుస్తకంలోని డెబ్బై ఏమో ప్రాసెసర్ పైమూత లెక్కట, దానికీ దీనికీ పోల్చకూడదట.

"మరి ఎందుకు సార్ చూపించేది?"

"ఒక తృప్తి సార్," అన్నాడు ఆనందన్.

గిరి ఏడవలేక నవ్వి, నమూనా అచ్చు తీసి మాధవరం తీసుకుపోయాడు. పరంధామయ్య కాగితం ముట్టుకోలేదు. అమ్మవారు పోసిన ఇంటి నుంచి శుభలేఖ వస్తే తన ఇంటి ఆడవాళ్లు ఒప్పుకోరన్నాడు.

"మా ఇంట్లో ఎవురికీ ఏమీ లేదయ్యా. వేడి మిషన్‌కే."

"మిషన్‌కి కూడానా," అని ఆయన గేటు మూసుకున్నాడు.

గిరి ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"కోకిలా, కొట్టుకు ఏసుకునిపోయే చొక్కా ఉతికి పెట్టు."

ఆమె కళ్లు తుడుచుకుని చొక్కా నానబెడుతుండగా నాగప్పన్ వచ్చాడు. వీధి అమ్మవారి జాతరకు ఆయనే పెద్ద. చెప్పులు దూరంగా విడిచి, చేతులు జోడించి నిలబడ్డాడు.

"ఏటా జాతర నోటీసులు యాడో కొట్టిస్తుంటిమి. ఈసారి అమ్మే నీ అచ్చుగదికి నడిచొచ్చింది. ఇంక ఎప్పటికీ ఈడే కొట్టాల."

నిజం చెప్పడానికి గిరి నోరు తెరిచాడు. కోకిల అతని కాలు తొక్కి, "కూర్చోండన్నా, మజ్జిగ తెస్తా," అంది.

ఇది గుర్తుపెట్టుకోండి నాయనా, నలుగురికీ చెప్పండి. వాషర్‌మెన్‌పేట్‌లో మాత్రం చెప్పకండి, నోటీసులు ఇంకా ఆ ఇంట్లోనే అచ్చవుతున్నాయి.