కంఠదుర్గ విజయము, అనగా దొరసాని మాత్ర మింగిన కథ

ఓ కంఠనాళాధిదేవతా! మింగుడుపడని వానిని మింగించుదానా! గుటకకును గుటకకును నడుమ క్షణకాలము నిలిచి లోకమును పరిహసించుదానా! సముద్రములు దాటిన వీరులను, కోటలు కూల్చిన వీరులను పాడుటకు కవులు కొల్లలుగా నున్నారు. వారి జోలికి మేము పోము. మాకు దక్కినది ఒక పిల్లి, ఒక మాత్ర, ఒక పెద్దమనిషి. ఈమాత్రమునకే గొంతు చించుకొనవలెనా యని పెదవి విరుచువారు, పదహారేండ్లు నిండిన పిల్లి నోరు ఒక్కసారి తెరచి చూచి, అటుపిమ్మట తీరికగా విరుచుకొందురు గాక.

అది ఉదయకాలము. బాలభానుకిరణములు వంటింటి కిటికీ ఊచల నడుమ దూరి స్టవ్వును, కుక్కరును, తోమవలసిన నిన్నటి గిన్నెలను సమదృష్టితో వెలిగించుచుండగా, వీధిలో స్కూలు బస్సు హారను దిక్కులు పిక్కటిల్ల మ్రోగుచుండగా, మూడవ అంతస్తులోని ఆ చిన్న ఫ్లాటున, ఎడమచేత తువ్వాలును కుడిచేత మాత్రను ధరించి, మోకాళ్ళు పటపటలాడ, సోఫా ఎదుట నేలపై సాగిలపడియున్న వాడొకడు కలడు.

ఎవడాతడు? అశేషప్రయాణికహృదయకంపనుడు, పైబెర్తున ముసుగుదన్ని గుఱ్ఱు నటించువారి ముసుగులూడ్చిన మహాధీరుడు, జీవితమంతయు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి నిరుడు పదవీవిరమణ పొందిన టీసీగారు. కనికరము విషయమున ఆయన పిల్లికి కూడ బిచ్చము పెట్టడని తోటి ఉద్యోగులు చెప్పుకొనెడివారు. ఆ మాట విధి చెవిని పడినట్లున్నది.

సోఫా క్రింద నున్నది దొరసాని. ధవళవక్షస్స్థలవిరాజిత, ధూసరదీర్ఘవాలశోభిత, సోఫాచర్మవిదారణచణ, ఎవరు పిలిచినను పలుకని మహామానిని. ఆకలి కొండంత, ఒళ్ళు పుల్లంత. గిన్నెడు తిని, గిన్నె నాకి, మరల గిన్నె ఎదుట కూర్చుండి అరచును. అయినను నానాటికి చిక్కిపోవుచుండెను. కారణమును పశువుల ఆసుపత్రిలోని డాక్టరమ్మ ఏడాది క్రిందటనే విప్పి చెప్పియుండెను.

"దీనికి థైరాయిడ్ అతిగా పనిచేస్తోందమ్మా. అందుకే ఎంత తిన్నా ఒంటికి పట్టట్లేదు, గుండె పరుగులు పెడుతోంది. రోజూ పొద్దున ఒక మాత్ర వెయ్యాలి. మానేశారంటే మాత్రం ఆ గుండె ఎక్కువకాలం తట్టుకోదు."

నాటినుండియు టీసీగారి ఇల్లాలు ప్రతి ఉదయమును దొరసానిని ఒడిలో వేసికొని, ఏదో గొణిగి, ఏదో నిమిరి, ఎవరును చూడకమునుపే మాత్ర వేసి ముగించెడిది. అది యుద్ధమని ఆమెకు తెలియదు. పనియనుకొనెను. ఇంతలో స్నానాలగదిలో కాలుజారి ఆమె కుడిమణికట్టు విరిగినది. మోచేతిదాక కట్టు పడినది. ఒంటిచేత దవడ తెరచుట ఎవరి తరము? సేనాధిపత్యము ఆ విధముగా టీసీగారికి సంక్రమించెను.

"మీవల్ల అవుతుందా అండీ?" అని ఆమె సందేహించెను.

"రైలెడు జనాన్ని అదుపులో పెట్టినవాణ్ణి. మూడు కేజీల్లేని పిల్లి ఒక లెక్కా?" అని ఆయన మీసము సవరించుకొనెను.

ప్రథమ యుద్ధము మహాద్భుతముగా జరిగెను. సోఫా క్రిందనుండి శత్రువును ఈడ్చి, తువ్వాలుతో మెడదాక చుట్టి, మోకాళ్ళ నడుమ బిగించి, వేలితో దవడ విప్పి, నాలుక వెనుకకు మాత్రను జారవిడిచి, నోరు మూసి, గొంతు నిమిరెను. గుటక వినబడినది. ముంజేతిపై నాలుగు ఎఱ్ఱని గీతలతో ఆయన లేచి నిలిచి, పడకగది గోడలు అదరునట్లు ప్రకటించెను.

"వేసేశానోయ్!"

"నిజంగా మింగిందా?"

"మింగక ఎక్కడికి పోతుంది? నా కళ్ళుగప్పి ఎవడైనా స్టేషన్ దాటాడా?"

ఇట్లు ప్రతి ఉదయమును యుద్ధము, ప్రతి ఉదయమును గుటక, ప్రతి ఉదయమును ప్రకటన. పాలవానికి చెప్పెను. లిఫ్టులో ఎదురైన ఇరుగుపొరుగుకు గీతలు చూపెను. ఇల్లాలు నమ్మెను. నమ్మకున్న ఆమెకు నిద్ర పట్టదు గనుక నమ్మెను.

ఎక్కుటకు రైలు లేకున్నను, ప్రతి ఆదివారము తన నల్లని డ్యూటీ బూట్లకు పాలిష్ పెట్టుట టీసీగారి నియమము. ఆ ఆదివారమున ఎడమబూటులోనికి చేయి దూర్చినంతనే వేలికి ఏదో జిగురుగా తగిలినది. బయటికి తీసెను. మాత్ర. మరల దూర్చెను. మరియొకటి. బూటును బోర్లించి తట్టగా, సగము కరిగినవి, బొచ్చు అంటినవి, ఒకదానికొకటి అతుకుకొన్నవి, ఆయన విజయములన్నియు వరుసగా నేలపై రాలెను. దొరసాని గుటక వేసినది నిజమే. మింగినది ఉమ్మి మాత్రమే. మాత్రను బుగ్గన దాచి, తువ్వాలు వీడినంతనే తిన్నగా బూట్ల బల్ల కడకు నడచి, శత్రువు పాదరక్షలోనే దానిని విడిచి వచ్చుచుండెను.

ఆయన తల యెత్తునప్పటికి ఇల్లాలు గుమ్మమున నిలిచియుండెను. కేకలు వేయలేదు. కుర్చీ లాగికొని కూర్చుండెను.

"రోజూ వేశానన్నారు కదండీ."

"గుటక విన్నానోయ్. ఒట్టు."

"రాత్రిళ్ళు అది నా పక్కనే పడుకుంటుంది. చెయ్యి వేస్తే దాని గుండె నా అరచేతిలో దడదడా కొట్టుకుంటోంది. మందు వేస్తున్నాం కదా, తగ్గుతుందిలే అనుకుంటున్నా." ఆమె నేలపై రాలిన మాత్రలవైపు చూచెను. "ఎవరు గెలిచారో నాకక్కర్లేదండీ. అది మాత్ర మింగితే చాలు."

ముప్పదిమంది టికెట్టు లేనివారు ఒక్కుమ్మడి తిట్టినను చలింపని టీసీగారు ఆ మాటకు తల దించుకొనెను. చేతిలోని బూటును ఎచట పెట్టవలెనో ఆయనకు తోచలేదు.

మరునాడు పట్టుదలతో రణరంగమునకు దిగెను. కాని బూటు రహస్యము బయటపడినదని దొరసాని ఎరుగును. తువ్వాలు అంచు కనబడగానే కుర్చీమీదికి, కుర్చీమీదినుండి గట్టుమీదికి, గట్టుమీదినుండి ఫ్రిజ్ శిఖరమునకు లంఘించి, ముసలితనమున ఎగరోజుచు, క్రిందికి చూచి "మ్యావ్" అనెను. దాని భావము విస్తరించి చెప్పుచున్నాము, వినుడు.

"ఓరీ టికెట్టుకోవిదా! వయోవృద్ధనగు నన్ను తువ్వాలున మూటగట్టి దవడలు పెకలించుట పౌరుషమా? నీవు రైళ్ళవెంట తిరిగిన రాత్రులయందు ఈ ఇంట ఆమె ప్రక్కన కావలియున్నది ఎవరు? జ్వరమున ఆమె మూలుగుచుండ కాళ్ళకడ ముడుచుకొన్నది ఎవరు? ఆమె చేతి చేదును మింగుదును. నీ చేతి అమృతమునైనను నీ బూటులోనే ఉమియుదును. పొమ్ము, పోయి తువ్వాలు ఆరవేసికొనుము!"

ఇంతయు ఒక్క మ్యావులో ఇమిడినది. పిల్లులు పొదుపరులు. అయినను అందులో అబద్ధమొక్కటియు లేదని టీసీగారికి తోచెను గాబోలు, తువ్వాలు ఆరవేసి స్టవ్వు వెలిగించెను.

ఇల్లాలి చేతికి కట్టు ఉన్నంతకాలము వంట ఆయనదే. ఉల్లిపాయ తరుగుట చేతకానందున గ్రుడ్డు మాత్రమే ఉన్న చప్పిడి ఆమ్లెట్టు వేసికొని, బల్లకడ కూలబడి, తినబుద్ధిగాక కిటికీవైపు చూచుచుండెను. అప్పుడు ప్లేటుకడ చిన్న అలికిడి వినబడినది. కడకంట చూడగా, శిఖరము దిగి వచ్చిన దొరసాని ఆమ్లెట్టు అంచును పట్టి లాగుచుండెను.

"ఏయ్!" అని ఆయన గర్జించెను.

దొంగ నమలలేదు, బుగ్గన దాచలేదు. ఉన్నదున్నట్లు గుటుక్కున మింగి పరుగు తీసెను.

లేవబోయిన టీసీగారు కుర్చీ అంచుననే ఆగిపోయెను. పెట్టినది మింగదు. దొంగిలించినదానిని మాత్రము, ఎవరైన వచ్చి లాగికొందురను భయమున, ఆలోచింపకయే మింగును! ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. టికెట్టు లేనివాడు మెల్లగా నడచుట ఆయన ఏనాడును చూడలేదు. మరి చేయవలసినది ఒక్కటే: దొంగతనము కనుల ఎదుట జరుగుచుండ చూడకుండుట. అదియే ఆయన కెన్నడును చేతకాని విద్య.

మరునాటి ఉదయము. సన్నని ఆమ్లెట్టు ముక్క మడతలో మాత్ర నిద్రించుచుండెను. ప్లేటు బల్ల అంచున, వార్తాపత్రిక ముఖమున కడ్డముగా, పత్రిక వెనుక మహావీరుడు. దొరసాని దూకినది, బల్ల కంపించినది. చూడవలెనని కనులు పీకినవి. చూడలేదు. మీసము వాసన చూచు చప్పుడు. చూడలేదు. చేయి తనంతట తాను లేవబోగా, రెండవచేత దానిని పట్టి, తొడక్రింద అదిమి, నీళ్ళ సరఫరా గూర్చిన వార్తను చదివినదే చదువుచు, చెమట కారుచుండ, ఇన్నేండ్ల ఉద్యోగధర్మము గుండెలో గోల పెట్టుచుండ, అచలుడై నిలిచెను. ప్లేటు గీరుకొన్నది. అదను!

"ఏయ్ దొంగా! నా ప్లేటులోనే మూతి పెడతావా!"

గుటుక్కు! దొరసాని ఫ్రిజ్ శిఖరముపై నుండెను. టీసీగారు నేలపై బోరగిలి సోఫా క్రింద చూచెను, బల్ల క్రింద చూచెను, ఇంటనున్న చెప్పులను బూట్లను అన్నిటిని బోర్లించెను. ఎచటను లేదు.

విజయధ్వని పొట్టనుండి బయలుదేరి గొంతుదాక వచ్చినది. అప్పుడే పడకగదినుండి ఇల్లాలు పిలిచెను.

"ఏమైందండీ? మళ్ళీ ఓడిపోయారా?"

శిఖరముపై రెండు చెవులు ఇటు తిరిగెను. మూతి నాకికొనుచు శత్రువు వినుచున్నది. అది మందని తెలిసెనా, రేపు ప్లేటువైపు కన్నెత్తదు. టీసీగారు ఆ విజయధ్వనిని నమలక మింగెను.

"ఓడిపోయానోయ్!" అని దిక్కులు వినునట్లు మొరపెట్టెను. "చిత్తుగా ఓడిపోయాను! మొత్తం లాక్కుపోయింది!"

ఇల్లాలు గుమ్మముదాక వచ్చి, ఖాళీ ప్లేటును చూచి, మూలమూలను బోర్లించియున్న చెప్పులను చూచి, మొగుడి ముఖమును చూచెను. పోయి ఆయనకు కాఫీ కలిపి, ఎడమచేత తొణకుచు తెచ్చి యిచ్చెను.

నాటినుండి ఆయన ప్రతి ఉదయమును ఓడిపోయెను. పాలవాడు అడిగినను ఓటమియే చెప్పెను. లిఫ్టులో గీతలు చూపుట మానెను.

కొన్ని వారములకు ఇరువురును దొరసానిని బుట్టలో పెట్టుకొని ఆసుపత్రికి పోయిరి. డాక్టరమ్మ తూకము చూచి, గుండెపై గొట్టము పెట్టి విని, సంతోషించెను.

"బరువు పెరిగిందండీ! గుండె కూడా నెమ్మదించింది. ఈ వయసు పిల్లికి రోజూ మాత్ర వెయ్యడం మాటలు కాదు. ఎవరు వేస్తున్నారు?"

ఇల్లాలు గర్వముతో మొగుని చూచెను. ఇట్టి ప్రశ్నను, ఇట్టి ప్రశంసను, తెల్లకోటు వేసికొన్న ఒకరి నోట వినవలెనని ఆయన మనసు ఎంతగా ఉబలాటపడెనో మాకు తెలియును. కాని తూకపుబల్లపై, జానెడు దూరమున, రెండు చెవులు నిక్కబొడిచియున్నవి.

"ఎవరూ వెయ్యట్లేదమ్మా," అని టీసీగారు స్పష్టముగా పలికెను. "నా టిఫిను దొంగిలించి బతికేస్తోంది."

డాక్టరమ్మ తెల్లబోయెను. ఇల్లాలు కట్టు ఉన్న చేతిని నోటి కడ్డము పెట్టుకొని నవ్వు నాపుకొన జూచి, ఆపలేక, కనుల నీరు కారునంతగా నవ్వెను.

వినుడు లోకులారా! ఒక వృద్ధమార్జాలము నిమ్మకాయంత బరువు పెరిగెను. జయము, జయము! ఈ జయఘోషను మాత్రము దయచేసి పెదవులు కదలకుండ చదువుకొనుడు. దొరసానికి ఇంకను చెవులు బాగుగనే వినబడును.