నిండు సూరీడు

అబద్ధం ఆడదలుచుకున్నవాడు కాస్త వెలుగు తక్కువ చోటు చూసుకోవాలి. నేను ఆడింది పట్టపగలు, సూర్యుడి ఎదురుగా. అందుకే ఇలా అయిపోయాను.

అది అరవై తొమ్మిది ఫిబ్రవరి. నరసన్నపేటలో సైన్సు మేస్టారుని, పేరు జగన్నాధం. ఆ ఏడు సూర్యుడి మీద మచ్చలు జాస్తిగా ఉన్నాయని పేపర్లో చదివి, నిండు సూర్యబింబాన్ని మచ్చలతో సహా ఫొటో తీసి విజయనగరం సైన్సు ప్రదర్శనకి పట్టుకెళ్తానని స్టాఫ్ రూంలో అనేశాను. టీ చల్లారింది గాని మాట చల్లారలేదు. హెడ్మాస్టరు ఆ సాయంత్రమే నా పేరు రాసి పంపించేశారు.

టెలిస్కోపు నేనే చేశాను. రేకుల పని చేసే గంగులు గొట్టం చుట్టి ఇచ్చి, "ఇది ఏ పొయ్యికి మేస్టారూ?" అని అడిగాడు. దాని ముందు కొసకి ఒక కళ్లజోడు అద్దం, వెనక కొసకి పాడైపోయిన మైక్రోస్కోపు అద్దం బిగించాను.

ఇక కెమెరా కావాలి. పక్క వీధి స్టూడియో ఎల్లాజీని సూర్యుడి కోసం అడిగితే ఇవ్వడు. "మా అత్తకి ఫొటో తియ్యాలి" అన్నాను. పన్నెండు ఫొటోల రీలు ఎక్కించి మరీ ఇచ్చాడు.

ఇంట్లోనూ అదే ముక్క చెప్పాను. మా ఆవిడ తాయారు నా మేనత్త కూతురే. ఆ మాట విని చేతిలో చేట కింద పెట్టేసింది. మా మావ పోయి మూడేళ్లు. ఆయనది ఒక్క ఫొటో కూడా లేదు.

"నాన్న మొగం నాకే మరుపొచ్చేస్తన్నాది బావా. అమ్మదయినా గోడకి ఉండాల," అంది.

నిజం చెప్పెయ్యటానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాలేదు. నేను చెప్పలేదు.

రెండో రోజుకే అత్త అసిరమ్మ బస్సు దిగింది, ఒక చేతిలో ఆనపకాయ, ఇంకో చేతిలో పెట్టె. పెట్టెలో గంజి పెట్టిన పొందూరు తెల్ల చీర.

నా ఏర్పాటు ఇదీ. తూర్పు గది కిటికీకి గోనెపట్టా కట్టి చీకటి చేశాను. దానికి కన్నం పెట్టి గొట్టం దూర్చి, కిటికీ ఊచలకి కట్టాను. గొట్టం వెనక కెమెరా. నేరుగా చూస్తే కన్ను పోతుంది కనక, సూర్యుడు అందులో పడ్డాడో లేదో చూడకుండానే నొక్కాలి. అంటే కళ్లు మూసుకుని చేప పట్టడం. రోజూ పొద్దున్న ఒకటో రెండో నొక్కేవాణ్ణి.

పెరట్లో అత్త తెల్ల చీర కట్టుకుని, ముక్కాలిపీట మీద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేది. నేను కెమెరాతో బయటికొచ్చి ఆకాశం చూసి పెదవి విరిచేవాణ్ణి.

"వెలుగు చాలదత్తా. రేపు చూద్దాం."

"నెత్తి మీద సూరీడు పెటపెట్లాడతన్నాడు. ఇంకేటి వెలుగు బావా?" అనేది తాయారు.

"అది వేరే రకం వెలుగు."

"రకాలున్నాయేటి? అదేటి దుంపలా?"

"పోనీలేయే. సదువుకున్నోడు, ఆడికి తెలదేటి," అని అత్త లేచి చీర మార్చుకునేది. రోజూ మళ్లీ గంజి, మళ్లీ ఆరెయ్యడం. మూడో రోజు నా తువ్వాలు గొట్టం వెనక మరిచిపోతే దానికి రూపాయి బిళ్లంత కన్నం పడి పొగ వచ్చింది. ఎలకలు కొరికాయన్నాను. పొగ తాగే ఎలకలు ఈ ఊళ్లోనే చూశానంది తాయారు.

ఎనిమిదో రోజుకి ఒక్క ఫిల్మే మిగిలింది. ఆ పొద్దున్న చాలాసేపు కెమెరా పట్టుకుని నిలబడ్డాను. ఒక పక్క మావ లేని గోడ, ఒక పక్క హెడ్మాస్టరు. పిరికివాడికి హెడ్మాస్టరే పెద్దగా కనిపిస్తాడు. పన్నెండోది కూడా సూర్యుడి మీదే నొక్కేశాను.

తర్వాత చేసిన పని చెప్పుకోవటానికి సిగ్గు. రీలు తీసేసి, ఖాళీ కెమెరాతో పెరట్లోకి వెళ్లి, "ఈవేళ వెలుగు బ్రహ్మాండంగా ఉందత్తా" అన్నాను. తల ఎత్తమన్నాను, కాస్త నవ్వమన్నాను. ఆవిడ నవ్వింది. ముందు పళ్లు రెండు లేవని చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మళ్లీ తీసేసింది. నేను టక్కున నొక్కాను. సాయంత్రం రీలు పాడైపోయిందని చెప్పాలని అప్పటికే అనుకుని ఉన్నాను. రీలూ కెమెరా ఎల్లాజీకి పడేసి బడికి పరిగెత్తాను.

సాయంత్రం ఎల్లాజీ నెగెటివులు దీపానికి ఎత్తి చూపించాడు. సూర్యుడు ఒక దాంట్లో కొరికిన అప్పడం, ఒక దాంట్లో గోరు ముక్క, నాలుగింట్లో వట్టి మసి. ఒక దాంట్లో నా బొటనవేలు ఉంది, చాలా స్పష్టంగా. నిండు బింబం ఒక్కటీ లేదు.

"మీ అత్తగారు గుర్తుపట్టడానికి లేదు మేస్టారూ," అన్నాడు ఎల్లాజీ. "ఇంటికెల్లండి."

కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. ఏడవడం ఒక్కటే తక్కువ. గుమ్మంలోనే, "తాయారూ, రీలు పాడైపోయిందే," అన్నాను.

"పాపం," అంది తాయారు, బియ్యం ఏరుతూ.

ఆమె తల మీదుగా దండెం కనిపించింది. దానికి రెండు ఫొటోలు ఆరుతున్నాయి. ఒక దాంట్లో అత్త, చెయ్యి అడ్డం లేకుండా నవ్వుతోంది. రెండో దాంట్లో సూర్యుడు, నిండుగా, గుండ్రంగా, ఎడమ పక్క నల్లటి మచ్చల గుంపుతో.

నేను దగ్గరికెళ్లి మచ్చలు లెక్కపెట్టాను.

"కెమెరా ఎనకాల ఎర్ర కంతలో అంకెలుంటాయి బావా, నాకూ కనబడతాయి," అంది తాయారు. "నువ్వు గదిలోంచి వొచ్చినప్పుడల్లా అంకె మారిపోతన్నాది. అమ్మ కూకున్నప్పుడు ఒక్కపాలీ మారలేదు. ఇయ్యాలయితే కంతలో అంకే లేదు. అందుకే ఇయ్యాల నువ్వటు బడికెల్లగానే ఎల్లాజీని పెద్ద కెమెరాతో రమ్మన్నాను."

"మరి సూర్యుడు?"

అత్త గదిలోంచి వచ్చింది. "నీ గొట్టం అలగే ఒగ్గేసి ఎల్లిపోనావు కదా. మంచం మీద నా సీర ఆరేసుంటే దాని మీద గుండ్రంగా పడ్డాడు. అరసవిల్లి సామి ఇంటికొచ్చినాడని దండం ఎట్టుకున్నాను. సూస్తే మచ్చలు. అమ్మోరు పోసిందేటో పాపమని తాయార్ని పిలిచినాను."

గొట్టం వెనక తెల్ల గుడ్డ పట్టుకుంటే చాలు, సూర్యుడు దాని మీద పడతాడు. ఎల్లాజీ ఆ గుడ్డని ఫొటో తీశాడు. జరిగిపోతున్న సూర్యుణ్ణి అత్తే గొట్టం కొంచెం కొంచెం తిప్పుతూ నిలబెట్టిందట. ఎనిమిది రోజులుగా నాకది తట్టలేదు.

"అత్తా, పొద్దున్న ఆ కెమెరా..."

"కాళీది. తెలుసు నాయినా."

"తెలిసి ఎందుకు కూర్చున్నావు?"

"నువ్వు కూకోమన్నావు కదా," అంది. తర్వాత, నా వేపు చూడకుండా, "మీ మావకీ ఇలగే తీయించాలని ఉండీది. అడగడానికి మాకు మొగమాటం," అంది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆనపకాయ పులుసు అని కాదు.

ప్రదర్శనకి ఫొటో కావాలంటే అత్త కూడా వస్తుందని తాయారు షరతు పెట్టింది. విజయనగరంలో పెద్దాఫీసరు సూర్యుడి ముందు ఆగి, ఎలా తీశారని నన్నడిగారు. నేను అత్త వేపు చూశాను. ఆవిడ చీరా, గొట్టం, ఎల్లాజీ అన్నీ వరసగా చెప్పింది. ఆయన తల పంకిస్తూ విని, నా వేపు తిరిగారు.

"ఆ సమయానికి తమరు ఎక్కడున్నారు?"

"బళ్లో ఉన్నానండి. కాంతి పాఠం చెప్తున్నాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నన్ను కాపాడాలని కాబోలు, అత్త ఒకడుగు ముందుకి వేసింది.

"మా అల్లుడు పాఠం బాగా సెప్తాడు బాబూ," అంది.