పలమనేరు నుంచి ఎవరో చదువుతున్నారు

కోమలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తనకన్నా ఎక్కువ చదువుకున్న ఆడమనిషి ఎవరైనా తన మొగుడి మాటలు ఓపిగ్గా వింటుందేమోనని. ఆరో తరగతితో బడి మానేసిన తనకు ఓపిక ఉంది గానీ చదువు లేదు కదా.

ఆ సోమవారం పొద్దున ఆమె అనుకున్న పనులు మూడే. కూతురు మహితను బడిలో దించాలి, ఆకుకూర కొనాలి, పదకొండుకల్లా తిరుచానూరు రోడ్డులోని ఇంటికి చేరి వంట చేయాలి. కాఫీ తాగుతూ ఆమె మొగుడు రఘునాథ్ ఒక సంగతి చెప్పి ఆ పనులన్నీ తలకిందులు చేశాడు. తన చిన్ననాటి కథలు రాసుకునే బ్లాగుకు సందర్శకుల్ని లెక్కపెట్టే పరికరం ఒకటి తగిలించాడట. ఏ ఊరినుంచి వచ్చారో, ఎంతసేపు ఉన్నారో అది చెబుతుందట.

లోకమంతా చదువుతున్నదాంట్లో తన గురించి ఏం రాశాడోనని కోమలికి దిగులు పట్టుకుంది. మహితను దించి నేరుగా పోయి చెంగల్రాయుడి నెట్ సెంటరులో ఆ బ్లాగు తెరిపించుకుని కూర్చుంది. తెరమీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ ఒక్క కథ పూర్తిచేసేసరికి ముప్పావుగంట పట్టింది. తన పేరు ఎక్కడా లేదు.

సాయంత్రం రఘునాథ్ చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"అందరూ అరనిమిషంలో పారిపోయినారు. పలమనేరు నుంచి ఒకరు మాత్రం ముప్పావుగంట చదివినారు."

కోమలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన ఇంటర్ చదివింది పలమనేరులోనే. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే కాలేజీలో.

"మొగోళ్ళకు అంత తీరిక యాడుంటాది?" అంది.

మర్నాటినుంచి ఆ పలమనేరుదాని జాడ దొరుకుతుందేమోనని రోజూ నెట్ సెంటరుకు పోయింది. రోజూ సాయంత్రం ఆయన వచ్చి, పలమనేరు వాళ్ళు ఈ దినమూ వచ్చారని చెప్పేవాడు. చివరికి పలమనేరు పాఠకులకంటూ ఒక ఉత్తరమే రాసిపెట్టాడు. కోమలి ఏడుపు దిగమింగుకుంటూ దాన్ని తొమ్మిదిసార్లు తెరిచి చదివింది. తొమ్మిదిసార్లు చదివారని మురిసిపోతూ ఆయన ఆ పూట మజ్జిగన్నం మరిచి లేచిపోయాడు. ఒక్క పరికరం మాట నమ్మొచ్చో లేదోనని ఇంకో రెండు తగిలించాడు. మూడింట్లో మంచిదొకటి ఉంచుకుందామని ఆయన ఆలోచన. అదే పాఠకుల గురించి ఒకటి చెన్నై అంది. ఇంకొకటి బెంగుళూరు అంది.

ఆయన చెప్పగా విని, అంటే ముగ్గురన్నమాట అనుకుంది. ఆ పూట కోమలి పప్పులో పులుపు లేదు. చింతపండు తెమ్మని చెప్పి మూడు రోజులైంది. తెచ్చే ధ్యాస ఆయనకెక్కడిది?

మరుసటి రోజు ఆమె చెంగల్రాయుడి పక్కన నిలబడి, కథ కింద తన మాట టైపు చేయమంది.

"పలమనేరక్కా, ఆయప్పను చింతపండు తెమ్మని నాలుగు దినాలాయ. నువ్వన్నా కొనిచ్చి పంపు. చెన్నై అక్కకూ బెంగుళూరు అక్కకూ గూడా ఇదే చెప్పు."

పేరేమని పెట్టాలని చెంగల్రాయుడు అడిగితే, పేరెందుకులే అంది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో రఘునాథ్ మూడు పరికరాలూ పక్కపక్కన తెరిచి చూశాడు. సరిగ్గా పదకొండూ ఇరవైకి పలమనేరు, చెన్నై, బెంగుళూరు ఒకేసారి వచ్చాయి, ఒకేసారి పోయాయి. వచ్చినవాళ్ళు ఒక్కరే. ఊరు మాత్రం ఏ పరికరానికి తోచింది అది చెప్పింది. ఆ ఒక్కరూ ఎవరో కనుక్కోవడానికి నాలుగో పరికరం అక్కర్లేకపోయింది. చింతపండు చాలింది.

సాయంత్రం పొట్లంతో వచ్చి గడపలోనే నిలబడ్డాడు.

"ముప్పావుగంట చదివింది నువ్వా?"

"నాకు నిదానం. ఆరో తరగతే గదా."

"అంత నిదానంగా చదివేవాళ్ళు దొరక్కనే గదా నేను ఏడస్తా ఉండేది," అన్నాడు రఘునాథ్.

మర్నాడు బ్లాగులో మొదటిసారి కోమలి పేరు కనిపించింది. ఆయన రెండు పరికరాలు పీకేసి ఒకటే ఉంచుకున్నాడు. పలమనేరు అనేదాన్నే, అలవాటైపోయిందని.

నిన్న ఆ పరికరం, సూళ్ళూరుపేట నుంచి ఎవరో గంటసేపు చదివారని చెప్పింది. ఆ గంటా కోమలి ఇంట్లో బియ్యం ఏరుతూ ఉంది. ఆ సంగతి తెలియని రఘునాథ్, నువ్వేనా అని నవ్వుతూ, గరిటె పట్టుకుని ఉన్న ఆమెనే అడిగాడు. మీలో ఎవరైనా తిరుచానూరు రోడ్డువైపు పోతే, ఆయన ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రండి.